డైట్, వాకింగ్ ఏడాది దాటి నిలబెట్టుకున్నవాళ్లు ఎవరన్నా ఉన్నారా? (తిరుపతి)

కొర్లగుంట_అబ్బాయి:
అందరికీ నమస్తే. మా నాయనకు 53 ఏళ్లు, గాంధీ రోడ్డులో అంగడి. పోయిన నెల పరీక్షలో మూడు నెలల సగటు షుగరు (HbA1c) 6.2 వచ్చింది. ఇంకా షుగరు రాలేదు, వచ్చే ముందు దశ, ఇప్పుడే తిండీ నడకా చూసుకోండి అన్నారు డాక్టరు. అంతకుముందే ఒకచోట డబ్బు కట్టి 45 రోజుల ప్రోగ్రాంలో చేర్చినా. చార్టు ఇచ్చారు, 3 కిలోలు తగ్గినాడు. అయిపోయిన రెండు నెలలకే మళ్లీ మొదటికొచ్చింది. నా వల్ల కాదులేరా అంటున్నాడు. ఆ మాట వింటే నాకు భయమేస్తా ఉంది. నిలబెట్టుకున్నవాళ్లు ఏం చేశారో చెప్పండి. చార్టు వద్దు, అది ఇంట్లోనే ఉంది.

రిటైర్డ్_లెక్కలసారు:
బాబూ, నాకు 64. నాలుగేళ్లుగా యూనివర్సిటీ గ్రౌండులో నడుస్తా ఉండా. అంతకుముందు మూడుసార్లు మొదలుపెట్టి మానేసినా. అప్పుడు ఒక్కణ్నే, ఇప్పుడు అయిదుగురం. 5.40కి ఎవరన్నా కనబడకపోతే ఫోన్ పోతుంది. ఆదివారం బరువు చూసుకుని నోటుబుక్కులో రాసి ఒకరికొకరం చూపించుకుంటాం. పెరిగిన వారం కూడా రాస్తాం, ఎందుకు పెరిగిందో పక్కనే రాస్తాం: పెళ్లి భోజనం, వాన, మోకాలినొప్పి. ఏడాది పేజీలు తిరగేస్తే నేను పెరిగిందల్లా సొంతూరికి పోయొచ్చిన వారాల్లోనే అని తెలిసింది. ఇప్పుడు అక్కడ ఏం తినాలో, ఎప్పుడు నడవాలో బస్సెక్కక ముందే అనుకుని పోతా.

చిత్తూరు_కోడలు:
అన్నా, మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారు? ఆ మనిషిని ప్రోగ్రాంకు ఒక్కసారన్నా పిలిచినారా? మా మామకు డాక్టరమ్మ చెప్పేటప్పుడు అత్త బయట బెంచీ మీద కూర్చోనుంది. మామ ఇంటికొచ్చి సగమే చెప్పినాడు. ఆయనకు వేరుగా చప్పిడి కూర, మాకు మామూలు కూర. ఎదురుగా మనవడు ఊరిబిండి నంజుకుని తింటా ఉంటే ఆ కూరతో ఎన్నాళ్లు ఉంటాడు? పది రోజులకు వదిలేసినాడు.

రెండోసారి అత్తను కూడా లోపలికి తీసుకుపోయినాం. అప్పటినుంచి అందరికీ ఒకే వంట. నూనె ప్యాకెట్ కత్తిరించిన రోజు క్యాలెండర్ మీద గుర్తు పెడతాం. ఆరుమందికి లీటరు వారానికి అయిపోయేది, ఇప్పుడు పన్నెండు రోజులు వస్తా ఉంది. కూర రుచి పోయిందని పిల్లోళ్లు కూడా అనలేదు.

సంగటి సంగతి కూడా చెప్పాల. రాగి కదా, మంచిదేలే అని మామ రెండు ముద్దలు తినేవాడు. మా ఇంట్లో సంగటిలో సగం బియ్యమే! ఇప్పుడు బియ్యం తగ్గించినాం, ముద్ద చిన్నదైంది, ఆకుకూర పప్పు, పచ్చి ఎర్రగడ్డ జాస్తి పెడతాం. సంగటి మాన్పించి ఉంటే అన్నీ వదిలేసేవాడు.

మెట్లదారి:
నేను నెలకోసారి శ్రీవారి మెట్టు ఎక్కుతా, 2,388 మెట్లు. అది చాలదా?

ఆస్పత్రి_డైటీషియన్:
మెట్లదారి గారూ, మానొద్దు, ఎక్కండి. కానీ నెలకో రోజు ఎంత కష్టపడినా మిగతా రోజులకు సరిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు, అంటే అయిదు రోజులు అరగంట చొప్పున కొంచెం జోరుగా నడవడం.

కొర్లగుంట తమ్ముడూ, మీ నాన్నగారి తప్పు లేదు. 45 రోజులకు పలకరింపు ఆగిపోయింది, అక్కడే దెబ్బతింది. అమెరికాలో 3,234 మందితో చేసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో తిండి, నడక మార్చుకునే గుంపులో ఒక్కొక్కరినీ ఆరు నెలల్లో 16 సార్లు కూర్చోబెట్టి మాట్లాడారు, ఆ తర్వాత కూడా వదలలేదు. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల కదలిక, ఈ రెండే గురి. షుగరు ముప్పు 58 శాతం తగ్గింది. అక్కడివాళ్ల సంగతి మనకెందుకు అంటారేమో. పక్కనే చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 531 మంది మీద చేసి 2006లో వివరాలు వెల్లడించింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో ముప్పు 28.5 శాతం తగ్గింది, అదీ బరువు పెద్దగా తగ్గకుండానే! కాటా కదల్లేదని కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే. అదే బృందం తర్వాత 537 మంది మగవాళ్ల మీద సెల్‌ఫోన్ మెసేజులతో చేసి చూస్తే, మెసేజులు అందుకున్నవాళ్లలో ముప్పు 36 శాతం తగ్గినట్టు 2013లో తేలింది. సారుగారి ఫోన్ చేసే పని కూడా అదే.

రేణిగుంట_షిఫ్టు:
పొద్దున గ్రౌండు మా లాంటోళ్లకు కుదరదు. తిన్న ప్రతిసారీ పది నిమిషాలు నడుస్తా. నైట్ షిఫ్టులో అయితే క్యాంటీన్ చుట్టూ. 14 నెలలైంది. రోజుకు గంట అని మొదలుపెట్టి ఉంటే వారంలో ఆపేసేవాణ్ని.

కొర్లగుంట_అబ్బాయి:
అందరికీ దండాలు. చిత్తూరు అక్కా, మీరు అడిగింది నిజమే, మా అమ్మను ఎవరూ పిలవలేదు. నిన్న రాత్రి ఇదంతా ఇద్దరికీ చదివి వినిపించినా. అమ్మ పొద్దున్నే క్యాలెండర్ మీద నూనె గుర్తు పెట్టింది. నాయన ఏమీ అనలేదు గానీ, ఆ సారు ఏ గేటు దగ్గర ఉంటాడని అడిగినాడు.

రిటైర్డ్_లెక్కలసారు:
మెయిన్ గేటు. సోమవారం నుంచి రమ్మను. చెప్పులతో వద్దు, బూట్లు వేసుకోమను. నీ నంబరు నాకు మెసేజ్ పెట్టు, రాకపోతే ముందు నీకు చేస్తా.