క్రియేటివ్ టెక్ ఫెస్టివల్‌కి వెళ్తే నిజంగా మనుషులు దొరుకుతారా?

గీతలకోడ్:
మూడేళ్లుగా కోడ్ రాసి బొమ్మలు గీయిస్తున్నాను. ప్రాసెసింగ్ అనే ప్రోగ్రామింగ్ టూల్‌తో మొదలుపెట్టి ఇప్పుడు దాని వెబ్ రూపం పీఫైవ్‌లో చేస్తున్నా. పూర్తిగా ఒంటరి పని. ఈ ఏడాది, కోడ్‌తో, యంత్రాలతో కళ చేసేవాళ్లు కలిసే ఒక క్రియేటివ్ టెక్నాలజీ ఫెస్టివల్‌కి వెళ్దామని డబ్బు కూడబెట్టాను. టికెట్టు, ప్రయాణం, బస అన్నీ కలిపితే ఒక మంచి ప్రొజెక్టర్ వస్తుంది. "ప్రసంగాలన్నీ తర్వాత వీడియోల్లో పెడతారు, ప్రొజెక్టర్ కొనుక్కో" అని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. "అక్కడికి వెళ్లేది మనుషుల కోసం" అని ఇంకొకరు. నాకు కావాల్సిందీ మనుషులే. కానీ కొత్తవాళ్ల మధ్య నోరు పెగలదు, తలుచుకుంటేనే టెన్షన్. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, అక్కడైన పరిచయాలు నిలిచాయా?

వైర్లపెట్టె:
నాకైతే నిలవలేదు. రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి జేబు నిండా విజిటింగ్ కార్డులతో తిరిగొచ్చాను. పదకొండు మందికి మెయిల్ రాస్తే ఇద్దరు జవాబిచ్చారు, అదీ మర్యాద కోసం. రెండు మూడు రోజుల్లో ఒక్కొక్కరూ వందమందిని కలుస్తారు, మన మొహం ఎవరికి గుర్తుంటుంది? మీరు వాడే ప్రాసెసింగ్‌నే చూడండి. 2001లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో కేసీ రీస్, బెన్ ఫ్రై మొదలుపెట్టి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. ఎక్కడెక్కడివాళ్లో ఒకరి కోడ్ చూసి ఒకరు నేర్చుకున్నారు. అర్ధరాత్రి సెన్సర్ మొండికేస్తే నాకు దారి చూపింది నేనెప్పుడూ కలవని మనిషే. ప్రొజెక్టర్ కొనండి.

తెరవెనక:
వైర్లపెట్టె గారూ, మీ అనుభవాన్ని కాదనను. నాది వేరుగా జరిగింది, కాస్త వివరంగా చెప్తాను.

నేను వాలంటీర్‌గా రెండు రోజులు ముందే వెళ్లాను. రేపు ప్రారంభం అనగా రాత్రి, హాల్లో ప్రొజెక్టర్‌కి సిగ్నల్ వచ్చి పోతోంది. ఇరవై మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్ వేశాం. అంత పొడవులో మామూలు రాగి కేబుల్ 4కె సిగ్నల్‌ని మోయలేదని అప్పటికి నాకు తెలీదు. పక్క గదిలో తన పని బిగించుకుంటున్న ఒకావిడ వచ్చి చూశారు. ఏమీ అనకుండా వెళ్లి, నెట్‌వర్క్ కేబుల్ మీద వీడియో పంపే చిన్న డబ్బాల జత తెచ్చిచ్చారు. తెర మీద బొమ్మ నిలబడింది.

అప్పుడు అడిగాను, మీరేం చేస్తున్నారని. మెత్తటి సిలికోన్ సంచులు గాలి పీల్చి వదులుతుంటాయి, చూసేవాళ్లకి ఏదో ప్రాణి నిద్రపోతున్నట్టు ఉండాలి. కానీ ఊపిరి కంటే పంపు మోతే ఎక్కువ వినబడుతోందని ఆవిడ బాధ. పంపుని ఫోమ్ వేసిన పెట్టెలో పెట్టి, గొట్టం పొడుగు చేసి, పెట్టెని గోడ అవతలికి నెడదామన్నాను. ఇద్దరం నేల మీద చతికిలబడి, నల్ల టేపు పంటితో తెంపుకుంటూ రెండింటిదాకా చేశాం. పేర్లు చెప్పుకున్నది ఆ తర్వాతే. ఆరేళ్లయింది. ఏ పని తలపెట్టినా ఇప్పటికీ ముందు ఆవిడకే ఫోన్ చేస్తాను.

2009లో ఐరైటర్ తయారైన తీరు కూడా చదవండి. ఏఎల్ఎస్ జబ్బుతో ఒళ్లు కదల్లేని, గోడల మీద బొమ్మలు గీసే గ్రాఫిటీ కళాకారుడు టెంప్ట్ వన్, కళ్లతోనే మళ్లీ గీయగలిగేలా చేసిన పరికరం అది. వేర్వేరు చోట్ల నుంచి ప్రోగ్రామర్లు వచ్చి, ఆ పనికి పూనుకున్నవాళ్లలో ఒకరైన మిక్ ఎబెలింగ్ ఇంట్లో కూర్చుని పనిచేశారు. మరుసటి ఏడాది దానికి ఆస్ట్రియాలో జరిగే ఆర్స్ ఎలక్ట్రానికా ఫెస్టివల్‌వారి పెద్ద అవార్డు గోల్డెన్ నికా వచ్చింది. మెయిళ్లతో అయ్యేదే అయితే అంతదూరం ఎందుకు వస్తారు?

వైర్లపెట్టె:
అది ఇల్లండీ, ఫెస్టివల్ కాదు. మీ కథలోనూ మీరు ప్రేక్షకుడిగా వెళ్లలేదు. రెండుచోట్లా కలిపింది పని. టికెట్టు కొని కుర్చీలో కూర్చునేవాళ్లకి మీ రాత్రి దొరకదు. గీతలకోడ్ గారు డబ్బు పెడుతున్నది ఆ కుర్చీకే కదా, నా బాధ అదీ.

తెరవెనక:
ఆ మాట నిజం, ఒప్పుకుంటున్నా. అయితే అలాంటి పని బయటివాళ్లకి ఎక్కడ దొరుకుతుంది? జర్మనీలో 1984లో మొదలైన హ్యాకర్ల సభ కేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెస్‌ని నడిపేది వాలంటీర్లే, వాళ్లని ఏంజెల్స్ అంటారు. వచ్చినవాళ్లెవరైనా కొన్ని గంటలు డ్యూటీ వేసుకోవచ్చు. నోరు పెగలనివాళ్లకి ఇంతకంటే మంచి దారి నాకు తెలీదు. చేతిలో పని ఉంటే మాట వెతుక్కోనక్కర్లేదు.

నీడలబొమ్మ:
బల్లకి అవతలివైపు నుంచి చెప్తాను. నాది మనుషుల కదలికల్ని పట్టే కినెక్ట్ కెమెరాతో చేసిన పని, ముందు నిలబడితే మీ నీడ చెట్టులా కొమ్మలేస్తుంది. రోజుకి ఎనిమిది గంటలు దాని పక్కన నిలబడేదాన్ని. "చాలా బాగుందండీ" అని వందమంది అన్నారు. సంతోషమే, కానీ ఒక్కరూ గుర్తులేరు.

గుర్తున్నది ఒక అబ్బాయి. చాలాసేపు గోడకి ఆనుకుని చూసి, "నాలుగైతే చాలు, నీడ చిరిగిపోతోంది, ఎండ వల్లా?" అన్నాడు. నిజంగా అదే. ఆ కెమెరా కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు చుక్కలు చల్లి దూరం కొలుస్తుంది, ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కాబట్టి ఆ చుక్కలు అందులో మునిగిపోతాయి. పై అద్దంలోంచి సాయంత్రం ఎండ పడుతోందని తెలియక నేను రెండు రోజులు తల పట్టుకున్నాను. అతను ఎక్కడినుంచో నల్లగుడ్డ తెచ్చాడు, ఇద్దరం నిచ్చెన వేసి కట్టాం. అతనూ నోరు లేనివాడే. కానీ చూడటం వచ్చు.

గీతలకోడ్ గారూ, పేరున్నవాళ్ల వెనక ప్రసంగం అయ్యాక క్యూ కట్టకండి. ఒక పని ముందు అరగంట నిలబడండి. మీకు కనబడింది అడగండి.

గీతలకోడ్:
అందరికీ థాంక్స్. ప్రేక్షకుల టికెట్టు ఆపేశాను. ఏర్పాట్లు జరిగే రెండు రోజులకి వాలంటీర్‌గా తీసుకుంటారా అని నిర్వాహకులకి నిన్న రాత్రి రాశాను. సరేనంటే బస ఖర్చు కొంత తగ్గుతుంది, ప్రొజెక్టర్ మాత్రం వచ్చే ఏడాదికే. నా కోడ్‌తో ప్లాటర్ (పెన్ను పట్టి గీసే యంత్రం) గీసిన చిన్న బొమ్మలు ఓ పాతిక పట్టుకెళ్తున్నా, కార్డులకి బదులు. బ్యాగులో ఇంకేం పెట్టుకోవాలి?

వైర్లపెట్టె:
మల్టీమీటర్. హెచ్‌డీఎంఐ అడాప్టర్లు రెండు రకాలు. కటింగ్ ప్లయర్. నల్ల టేపు ఒకటి కాదు, రెండు చుట్టలు. వాళ్లు ఒప్పుకుంటే తేదీలు ఇక్కడ పెట్టండి, నా దగ్గరున్న సిగ్నల్ డబ్బాల జత పంపిస్తాను.