భారత్‌నెట్ ఫైబర్ మా పల్లెకు రావాలంటే ఎవరికి అర్జీ పెట్టాలి?

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి దగ్గర చిన్న పల్లె. పంచాయతీ ఆఫీసు పక్క ఊళ్లో ఉంది, భారత్‌నెట్ (పల్లెలకు ఫైబర్ కేబుల్‌తో ఇంటర్నెట్ ఇచ్చే కేంద్ర పథకం) ఫైబర్ అక్కడిదాకా వచ్చి ఆగింది. మాకు సిగ్నల్ కావాలంటే మిద్దె ఎక్కాల్సిందే. మా చెల్లెలు డీఎస్సీ క్లాసులు అక్కడే ఎండలో, ఫోన్‌కి కొంగు అడ్డం పెట్టుకుని వింటోంది. చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది.

2023లో కేంద్రం ఆమోదించిన సవరించిన భారత్‌నెట్‌లో, పంచాయతీ కేంద్రాలు కాని ఊళ్లకు కూడా అడిగితే ఫైబర్ ఇవ్వాలని ఉంది. అలాంటివి దేశంలో సుమారు 3.8 లక్షలు. ఇంతకీ ఆ అడగడం ఎలాగండీ? గ్రామసభ తీర్మానం ఉండాలా, కార్యదర్శి లెటర్ సరిపోతుందా? సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తే పని జరుగుతుందా? ఇలా తెప్పించుకున్న ఊరివాళ్లెవరైనా ఉంటే అర్జీ నమూనా పెట్టండి, దయచేసి.