మడ అడవిలో పాలపిట్టా, లకుముకిపిట్టా?

ప్రశ్న: కోరింగ మడ అడవి మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అందులో ఒక పిట్ట: నల్లని తల, మెడ చుట్టూ తెల్లని పట్టీ, ముదురు నీలం వీపు, పెద్ద ఎర్ర ముక్కు. నీలిపిట్టే కదా అని ‘పాలపిట్ట’ అని రాశాను. సరిపోతుందా అండి?

జవాబు: సరిపోదండి. ఎర్ర ముక్కు దగ్గరే తేలిపోయింది. పాలపిట్ట ముక్కు నల్లగా, పొట్టిగా ఉంటుంది. మెడకు పట్టీ ఉండదు, గొంతు మీద సన్నని తెల్లచారలు ఉంటాయి. దాని చోటు మడ కాదు, చేలు, కరెంటు తీగెలు. దసరానాడు జనం వెతుక్కుంటూ పోయేది దాన్నే. అమరకోశంలో చాషం, కికీదివి అన్నా పాలపిట్టే, వాటికీ ‘లకుముకి’ అని రాసేయకండి. మీ వ్యాసంలోది లకుముకి జాతే.

ఇంకో జవాబు: అయితే ‘లకుముకి’ అని వదిలేస్తే చాలదు. అది ఒక్క పిట్ట పేరు కాదు, గుంపు పేరు. చెరువుగట్టున పిచ్చుకంత ఉండే బుల్లిది లకుముకే. నీటి మీద గాల్లో ఒకేచోట రెక్కలాడించి నిలువునా పడే నలుపు తెలుపుదీ లకుముకే. గోరింక కంటే కాస్త పెద్దగా, చాక్లెట్ రంగు తలతో, తెల్ల గొంతుతో ఉండేదీ అదే. ఈ చివరిది నీళ్లు లేని చేలల్లో కూడా మిడతల్ని, బల్లుల్ని తిని బతికేస్తుంది. అందుకే ఇంగ్లీషు ‘కింగ్‌ఫిషర్’కు ‘చేపలు పట్టే పిట్ట’ అన్న మక్కికి మక్కి అనువాదం నాకు నచ్చదు.

మూలంలో పొట్ట రంగు ఉందేమో చూడండి. మడలో తెల్లపట్టీ ఉన్నవి రెండున్నాయి. పొట్ట లేత నారింజ అయితే నల్లతలది. పొట్ట తెల్లగా, తల నీలి ఆకుపచ్చగా, ముక్కు నల్లగా ఉంటే వేరేది. నీలాన్ని మాత్రం నమ్ముకోకండి. అది ఈకలో కలిసిన రంగు కాదు, ఈక నిర్మాణం మీద వెలుతురు చెదరడం వల్ల కనిపించేది. నీడలో మసకబారిపోతుంది.

ప్రశ్న అడిగినవారు: పొట్ట నారింజేనండి. శాస్త్రీయ నామం హాల్సియాన్ పైలియేటా అని ఉంది. పైలియేటా అంటే టోపీ పెట్టుకున్నది అట. ‘నల్లటోపీ లకుముకి’ అననా?

జవాబు: టోపీ లాటిన్ వాళ్లకు వదిలేయండి. ‘నల్లతల లకుముకి’ చాలు, చదివేవాడికి పిట్ట కళ్లకు కడుతుంది. శాస్త్రీయ నామం మొదటిసారి మాత్రం పక్కన రాయండి. కానీ ఆ పేర్లను బట్టి ఆవాసం ఊహించకండి. మన తెల్లగొంతు లకుముకి పేరులో ‘స్మిర్నెన్సిస్’ ఉంది, స్మిర్నా అంటే టర్కీలోని ఇప్పటి ఇజ్మీర్. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన పేరది.

ప్రశ్న అడిగినవారు: అయితే వాక్యం ఇది: ‘నీరు తీసిన వేళ తెల్లమడ చెట్టు కొమ్మ మీంచి బురదలోని పీత మీదికి వాలింది నల్లతల లకుముకి.’

జవాబు: ‘వాలింది’ అంటే పోయి కూర్చున్నట్టు. ‘దూకింది’ అనండి.