చర్చ: డెనిస్ లా మడమ గోల్ మాంచెస్టర్ యునైటెడ్‌ను ముంచిందా?

పాత_స్కోర్‌కార్డు:
డెనిస్ లా 2025 జనవరి 17న, 84 ఏళ్ల వయసులో పోయారు. యూరప్‌లో ఏటా ఉత్తమ ఫుట్‌బాల్ ఆటగాడికి ఇచ్చే బాలన్ డి'ఓర్‌ను స్కాట్లాండ్ నుంచి అందుకున్నది ఇప్పటికీ ఆయనొక్కరే, 1964లో. యునైటెడ్‌కి 404 మ్యాచ్‌లలో 237 గోల్స్. అయినా ఆయన ఫోటో ఎక్కడ పెట్టినా కింద ఒకరు వచ్చి "సొంత క్లబ్‌ను రెండో డివిజన్‌కి దింపినవాడు" అని రాసిపోతారు. అది అబద్ధం. లెక్క చూడండి.

1974 ఏప్రిల్ 27, యునైటెడ్ సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్. లా అప్పుడు అదే ఊరి ప్రత్యర్థి మాంచెస్టర్ సిటీ ఆటగాడు, యునైటెడ్ మీద మడమతో గోల్ కొట్టాడు. యునైటెడ్‌కి 32 పాయింట్లు, ఆడాల్సినవి రెండే మ్యాచ్‌లు. ఆ రోజుల్లో గెలిస్తే రెండే పాయింట్లు. రెండూ గెలిచినా 36. దిగిపోకుండా నిలవాలంటే యునైటెడ్ దాటాల్సిన బర్మింగ్‌హామ్ అదే సాయంత్రం నార్విచ్‌ను 2-1తో ఓడించి 37కి చేరింది. అంటే లా గోల్ కొట్టకపోయినా, యునైటెడ్ ఆ మ్యాచ్ గెలిచినా, దిగిపోవడం ఖాయం.

కాకినాడ_కీపర్:
ఈ లెక్క నాకూ తెలుసు గురూ. ఒక్క మాట చెప్పండి. 80 నిమిషాలు దాటాక లా గోల్ కొట్టినప్పుడు బర్మింగ్‌హామ్ మ్యాచ్ అయిపోయిందా? అవలేదు. ఆ క్షణంలో ఎవరికీ ఏదీ ఖాయంగా తెలీదు, కొట్టినవాడికి కూడా. తన గోల్‌తో యునైటెడ్ దిగిపోవచ్చని తెలిసే కొట్టాడు.

రవ్వ_దోస:
స్కాట్లాండ్‌కి 55 మ్యాచ్‌లలో 30 గోల్స్. డాల్‌గ్లీష్‌కి అదే 30కి 102 మ్యాచ్‌లు పట్టాయి. దీని మీద మాట్లాడేవాళ్లే లేరా?

పాత_స్కోర్‌కార్డు:
@కీపర్, ఆ సీజన్‌లో యునైటెడ్ 42 మ్యాచ్‌లలో కొట్టిన గోల్స్ ఎన్నో తెలుసా? 38. పెనాల్టీలు కొట్టడానికి ఫార్వర్డ్‌లు చాలక గోల్‌కీపర్ స్టెప్నీని పంపారు. క్రిస్మస్ నాటికి రెండు గోల్స్‌తో ఆయనే టాప్ స్కోరర్లలో ఒకడు. అంతగా చితికిపోయిన జట్టును ఒక్క మడమ ముంచిందంటారా?

కాకినాడ_కీపర్:
నేను అడిగింది అది కాదు. మడమ గోల్ పొరపాటున పడదు. నేను పదేళ్లు గోల్‌లో నిలబడ్డాను, నాకు తెలుసు. గోల్‌కి వీపు పెట్టి, బంతి ఎక్కడికి వెళ్లాలో ముందే అనుకుని కొట్టాలి. కావాలనుకుంటే వదిలేయొచ్చు. వదల్లేదు.

నూనె_దీపం:
1967లో వెంబ్లీలో స్కాట్లాండ్ ఇంగ్లాండ్‌ను 3-2తో ఓడించిన మ్యాచ్. ప్రపంచ ఛాంపియన్ల మీద మొదటి గోల్ లాదే. అది గుర్తుపెట్టుకోండి చాలు.

పాత_స్కోర్‌కార్డు:
వదిలేయాలా? జీతమిచ్చే క్లబ్‌కి ఆడుతూ బంతిని వదిలేస్తే దాన్ని ఏమంటారు?

ఆ వీడియో మళ్లీ చూడండి. ఫ్రాన్సిస్ లీ బంతి అందిస్తాడు, మడమ తగులుతుంది, అంతే. లా ఎప్పుడూ చొక్కా చేతుల అంచులు వేళ్లతో బిగించి పట్టుకుని ఆడేవాడు. గోల్ పడితే ఒక చెయ్యి నిటారుగా లేచేది, చూపుడువేలు పైకి. ఆ రోజు చెయ్యి లేవలేదు. సిటీ వాళ్లు వచ్చి భుజాలు తడుతుంటే తల దించుకుని నడిచాడు. వెంటనే సబ్‌స్టిట్యూట్‌ను దింపి ఆయన్ని బయటికి పిలిచారు. లీగ్‌లో ఆయన బంతిని తాకింది అదే ఆఖరు. జనం మైదానంలోకి దూకి మ్యాచ్ ఆపేస్తే, ఆ 1-0నే ఫలితంగా ఉంచారు. గోల్ కొట్టి అంత కుంగిపోయిన మనిషిని ద్రోహి అనడానికి మీకు మనసెలా వస్తోంది?

కాకినాడ_కీపర్:
కుంగిపోయాడంటే తప్పు చేశానని తెలుసనేగా! పదకొండేళ్లు అన్నం పెట్టిన క్లబ్. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే.

పాత_స్కోర్‌కార్డు:
అన్నం పెట్టిందా? ఊరికే పెట్టిందా? 1963-64లో ఒక్క సీజన్‌లో 46 గోల్స్ కొట్టాడు, ఇప్పటికీ అది క్లబ్ రికార్డు. 1966లో జీతం పెంచమని అడిగితే ట్రాన్స్‌ఫర్ లిస్ట్‌లో (అమ్మకానికి) పెట్టి, జనం ముందు క్షమాపణ చెప్పించారు. మోకాలు అరిగిపోయి 1968 యూరోపియన్ కప్ ఫైనల్ నాడు ఆసుపత్రిలో ఉన్నాడు. చివరికి 1973లో కొత్త మేనేజర్ డాకర్టీ ఆయన్ని ఫ్రీ ట్రాన్స్‌ఫర్‌పై, అంటే డబ్బేమీ తీసుకోకుండా, పంపించేశాడు. ఆ కబురు లాకి తెలిసింది సొంత ఊరు అబర్డీన్‌లో, టీవీలో. కూరలో కరివేపాకులా తీసి పారేసింది ఎవరు, ఎవరిని?

నాకెందుకింత కోపం అంటారేమో. పదకొండేళ్లు పనిచేసిన చోట నా పేరు తీసేసినట్టు నాకు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. బస్సులో ఉన్నాను. పక్క సీటాయన "ఏమైంది బాబూ" అని అడిగాడు. తర్వాత నెలకి అదే వీధిలో ఇంకో ఆఫీసులో చేరాను. పాతవాళ్లు కొందరు నాతో మాట్లాడటం మానేశారు. ద్రోహం ఎవరిదో మీరే చెప్పండి.

కాకినాడ_కీపర్:
మీకు జరిగింది అన్యాయమే. కానీ నా సంగతి కూడా వినండి. మా నాన్న షాపులో ఒక కుర్రాడికి ఎనిమిదేళ్లు పని నేర్పారు. ఒకరోజు ఎదురుగానే షాపు తెరిచాడు. అది వాడి హక్కే, కాదనను. నాన్న ఏమీ అనలేదు, కానీ ఆ రోజు నుంచి కుర్చీ వీధి వైపు వేసుకోలేదు. లా గోల్ చూసినప్పుడల్లా నాకు ఆ కుర్చీ గుర్తొస్తుంది. 37 అంటే 37, లెక్క ఒప్పుకుంటున్నాను. నా బాధ గోల్ గురించి కాదు. ఇంగ్లాండ్‌లో అన్ని క్లబ్‌లు ఉండగా ఎదురింటికే ఎందుకు వెళ్లాలి?

నూనె_దీపం:
రెండు రోజులుగా కొట్టుకుంటోంది దీని గురించా! ఇది మొదటే అడగాల్సింది.

పాత_స్కోర్‌కార్డు:
@కీపర్, సిటీ ఆయనకి ఎదురిల్లు కాదు. 1960లో హడర్స్‌ఫీల్డ్ నుంచి 55,000 పౌండ్లకు ఆయన్ని కొన్నది సిటీయే. 1961లో ఇటలీ క్లబ్ టొరినోకి వెళ్లి, అక్కడ ఇమడలేక 1962లో యునైటెడ్‌కి వచ్చాడు. 1973లో పిల్లలున్న ఇల్లు మాంచెస్టర్‌లోనే ఉంది, సిటీ రమ్మంది. మీ నాన్నగారి కుర్రాడు ముందు ఎదురు షాపులోనే పనిచేసి మీ దగ్గరికి వచ్చినవాడైతే, నాన్నగారు కుర్చీ తిప్పుకునేవారా?

కాకినాడ_కీపర్:
ఇది నేను ఆలోచించలేదు. నాన్నని అడగాలి.