హిమాయత్‌సాగర్ వార్తలో గేటు ఎక్కడ తెరుచుకోవాలి?

వానాకాలం వచ్చిందంటే పత్రికల హైదరాబాద్ పేజీల్లో ఇలాంటి ఇంట్రోలు, అంటే వార్త మొదటి వాక్యాలు, మొదలవుతాయి. నమూనాకి నేనే రాశాను చూడండి:

"ఎగువ ప్రాంతాల్లో రెండు రోజులుగా ఎడతెరిపి లేకుండా కురుస్తున్న వర్షాలకు వరద పోటెత్తడంతో హిమాయత్‌సాగర్ నీటిమట్టం పూర్తిస్థాయి 1763.50 అడుగులకు చేరువ కావడంతో అప్రమత్తమైన జలమండలి అధికారులు ఒక గేటు ఎత్తి మూసీలోకి నీరు వదిలారు."

వ్యాకరణం ప్రకారం తప్పేం లేదు. కానీ మూసీ ఒడ్డున మూసానగర్‌లో ఉండేవాడికి కావాల్సిన ముక్క చిట్టచివర ఉంది, అక్కడిదాకా చదివేసరికి నీళ్లు గుమ్మంలోకి వచ్చేస్తాయి.

ఇంగ్లిష్‌లో కర్త పక్కనే క్రియ వస్తుంది కాబట్టి ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎందుకు అన్నీ ఒకే వాక్యంలో కుక్కినా అసలు సంగతి ముందే తెలిసిపోతుంది. మనకేమో క్రియ చివర. అసలు సంగతి ముందు, వివరాలు తర్వాత చెప్పే పద్ధతిని పత్రికల్లో తలకిందుల పిరమిడ్ అంటారు. దాన్ని తెలుగులో ఒకే వాక్యంతో కట్టబోతే అది మళ్లీ నిటారుగా నిలబడుతుంది! నేనైతే ఇలా రాస్తా: "హిమాయత్‌సాగర్ గేటు ఒకటి ఎత్తి మూసీలోకి నీళ్లు వదిలారు. ఎగువన రెండు రోజులుగా వానలు పడుతుండటంతో నీటిమట్టం 1763.50 అడుగులకు దగ్గరపడింది." ఎవరు ఎత్తారో మొదటి వాక్యంలో చెప్పకపోయినా తెలుగు ఏమీ అనుకోదు, "ఎత్తబడింది" అనక్కర్లేదు.

డెస్క్ (వార్తలు దిద్దే విభాగం) పాతకాపు: ఒప్పుకుంటా గానీ సార్, "డంతో" మీద మరీ పగబట్టకండి. కారణం ముందు, ఫలితం తర్వాత చెప్పడం మన మాట తీరే. ఒకే వాక్యంలో రెండో "డంతో" వచ్చిందంటే మాత్రం అక్కడ చుక్క పెట్టాల్సిందే. నాకు ఒళ్లు మండేది "అప్రమత్తమైన అధికారులు". నీళ్లు అంచుదాకా వచ్చాక అప్రమత్తం కాక ఏమవుతారు? ఆ కితాబు తీసేసి ఎన్నింటికి ఎత్తారో రాస్తే పోలా.

కోఠి పాఠకురాలు: మరి సింగిల్ కాలం క్రైమ్ వార్తలన్నీ "పోలీసులు తెలిపిన వివరాల ప్రకారం"తోనే మొదలవుతాయేంటండీ?

డెస్క్ పాతకాపు: అలవాటు మేడం, అంతే. ప్రమాదం వార్తయితే ఆ ముక్క వెనక్కి నెట్టేయొచ్చు. ఎవరిమీదైనా ఆరోపణ ఉంటే మాత్రం "అని పోలీసులు చెప్పారు" అనేది ఆ వాక్యంలోనే ఉండాలి, కింది పేరాకి వదలకూడదు. పేజీలో చోటు చాలకపోతే ముందు ఎగిరిపోయేది కింది పేరానే, అప్పుడు ఆరోపణ మిగిలి, చేసినవాళ్లు మాయమై, ఆ మాట పత్రికే అన్నట్టవుతుంది.