కంప్యూటర్ నుంచి ప్రొజెక్టర్‌కు 12 మీటర్లు: ఏ కేబుల్ వేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేడమీది గదిలో సినిమాలు చూడడానికి పాత కంప్యూటర్‌ను, ఫుల్ హెచ్‌డీ (1920 × 1080) డీఎల్‌పీ ప్రొజెక్టర్‌ను (చిన్న చిన్న అద్దాలతో బొమ్మ వేసే రకం) అమర్చుకున్నాం. ప్రొజెక్టర్ పైకప్పుకు బిగించి ఉంది, కంప్యూటర్ తెర కింద బల్ల మీద ఉంది. గోడ వెంట కొలిస్తే మధ్య దూరం 12 మీటర్లు. ఇప్పుడు 15 మీటర్ల వీజీఏ కేబుల్ వాడుతున్నాను. బొమ్మ వస్తోంది కానీ ప్రతి అక్షరానికీ కుడిపక్కన పలుచని నీడ పడుతోంది. అమ్మ కోసం తెలుగు సబ్‌టైటిళ్లు పెడితే ‘థ’లో చుక్క కనిపించక ‘ద’ అని చదువుతోంది. కంప్యూటర్‌కు బొమ్మ బయటికి పంపే పోర్టుల్లో వీజీఏ, డీవీఐ, డిస్‌ప్లేపోర్ట్ ఉన్నాయి. హెచ్‌డీఎంఐ లేదు. ప్రొజెక్టర్‌కు వీజీఏ ఒకటి, హెచ్‌డీఎంఐ రెండు. దేన్ని దేనితో కలపాలి? దుకాణంలో బంగారు పూత ఉన్న ఖరీదైన కేబుల్ తీసుకోమంటున్నారు. దానివల్ల బొమ్మ మెరుగవుతుందా?

మొదటి జవాబు:
‘థ’లో చుక్క సంగతి చెప్పి మంచి పని చేశారు. లోపం ఎక్కడుందో ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది.

వీజీఏ 1987లో, గాజు గొట్టం మానిటర్ల కాలంలో వచ్చింది. కంప్యూటర్ లోపల బొమ్మ అంకెల రూపంలో ఉంటుంది. వీజీఏ ఆ అంకెలను హెచ్చుతగ్గుల వోల్టేజిగా మార్చి పంపుతుంది. మీ ప్రొజెక్టర్‌లో దాదాపు 20 లక్షల చిన్న అద్దాలున్నాయి. వాటికి మళ్లీ అంకెలే కావాలి కాబట్టి, వచ్చిన వోల్టేజిని ప్రొజెక్టర్ తిరిగి అంకెలుగా మార్చుకుంటుంది. 15 మీటర్ల దారిలో సంకేతం నీరసపడుతుంది, కొసల దగ్గర కొంత తాకి వెనక్కి తిరుగుతుంది. అక్షరం పక్కన పడే నీడ అలా వచ్చిందే. ఒకటి రెండు పిక్సెళ్ల చుక్క ఆ నీడలో కలిసిపోతుంది. ప్రొజెక్టర్ మెనూలో ‘ఫేజ్’ (వోల్టేజిని ఏ క్షణంలో కొలవాలో చెప్పే సెట్టింగు) సవరిస్తే కాస్త తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. అందుకని వీజీఏ వదిలేయండి. ఈ కొస నుంచి ఆ కొస దాకా డిజిటల్‌గానే వెళ్లాలి.

డీవీఐ, హెచ్‌డీఎంఐ రెండింటిలోనూ బొమ్మ వెళ్లే పద్ధతి ఒకటే. మధ్యలో చిన్న అడాప్టర్ పెడితే చాలు, మార్పిడి ఏమీ జరగదు, పిన్నులు మాత్రం కలుస్తాయి. మామూలు డీవీఐ కూడా 1920 × 1200 వరకు 60 హెర్ట్జ్‌లో (సెకనుకు 60 సార్లు) ఇస్తుంది కాబట్టి మీ ప్రొజెక్టర్‌కు అది సరిపోతుంది. చిక్కల్లా శబ్దంతోనే. చాలా కంప్యూటర్లలో డీవీఐ నుంచి శబ్దం రాదు, దానికి వేరే వైరు లాగాలి.

అందుకే నా ఓటు డిస్‌ప్లేపోర్ట్‌కు. మీ పోర్టు పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ పోర్టు హెచ్‌డీఎంఐ సంకేతాన్ని తానే ఇవ్వగలదు. చవకైన అడాప్టర్‌తోనే బొమ్మ, శబ్దం రెండూ వెళ్తాయి. కొనేటప్పుడు మాత్రం ‘డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి’ అని ఉందో లేదో చదవండి. ‘హెచ్‌డీఎంఐ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కు’ అని ఉన్నది చూడటానికి ఒకేలా ఉంటుంది కానీ మీకు పనికిరాదు.

ఇక బంగారు పూత. అది తుప్పును ఆపుతుంది, సముద్రం దగ్గరి ఊళ్లలో అది మంచిదే. బొమ్మను మాత్రం ఇంచుకైనా మార్చదు. డిజిటల్ సంకేతం సరిగా అందితే బొమ్మ పూర్తిగా వస్తుంది. అందకపోతే తెల్లని మెరుపు చుక్కలు పడతాయి, లేదా తెర ఉండి ఉండి నల్లబడుతుంది. ఆ డబ్బు పూతకు కాక, పొడవును తట్టుకునే కేబుల్‌కు పెట్టండి.

అడిగినవారు:
చాలా ధన్యవాదాలండీ. రెండు ప్లస్ గుర్తులు ఉన్నాయి. మరి 12 మీటర్లకు మామూలు రాగి కేబుల్ పనిచేస్తుందా? గోడలో పైపు ముందే వేయించి ఉంది. రెండు మూడేళ్లలో 4కే (ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల పిక్సెళ్లు) ప్రొజెక్టర్ కొనాలని కూడా ఉంది.

మొదటి జవాబు ఇచ్చినవారు:
ఫుల్ హెచ్‌డీకి సెకనుకు సుమారు 4.5 గిగాబిట్లు వెళ్లాలి. మందపాటి రాగి కేబుల్ ఆ దూరం లాగవచ్చు, కానీ అడాప్టర్ కూడా ఉంది కాబట్టి అంచు మీద నడక అవుతుంది. 4కే 60 హెర్ట్జ్‌కు దాదాపు 18 గిగాబిట్లు కావాలి. రాగితో అది 5 మీటర్లు దాటితే నమ్మకం పెట్టుకోలేం. గోడలో పైపు ఉంది, 4కే ఆలోచన ఉంది అంటున్నారు కాబట్టి ఇప్పుడే 15 మీటర్ల ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ వేసేయండి. లోపల గాజు పోగుల్లో వెలుతురుగా వెళ్తుంది, సన్నగా ఉంటుంది.

అయితే ఆ కేబుల్‌కు దిక్కు ఉంటుంది. ఒక కొస మీద ‘సోర్స్’, రెండో కొస మీద ‘డిస్‌ప్లే’ అని రాసి ఉంటుంది. మా ఇంట్లో పని చేసిన ఎలక్ట్రీషియన్ దాన్ని తలకిందులుగా లాగేశాడు. తెర మీద ఏమీ రాలేదు. బయటికి తీసి మళ్లీ ఎక్కించేసరికి ఒక పూట పోయింది, మలుపు దగ్గర కేబుల్ నలిగి కొత్తది కొనాల్సి వచ్చింది. కాబట్టి ముందు నేల మీద పరిచి, రెండు కొసలూ తగిలించి, ఒక సినిమా పూర్తిగా చూడండి. తర్వాతే పైపులోకి ఎక్కించండి. కొసను పట్టి లాగవద్దు, మలుపుల్లో మడత పెట్టవద్దు. పైపులో ఒక నైలాన్ తాడు కూడా వదిలి ఉంచండి, రేపు మార్చాలంటే అదే ఆధారం.

మరొక జవాబు:
కేబుల్ తగిలించే ముందు రెండింటి ప్లగ్గులూ తీసేయండి. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో పోర్టులు కాలిపోవడం చూశాను.

అడిగినవారు (పది రోజుల తర్వాత):
కేబుల్ వేశాను. నీడ పూర్తిగా పోయింది, ‘థ’లో చుక్క సూదితో పొడిచినట్టు కనిపిస్తోంది. మూడు ఇబ్బందులు మిగిలాయి. డెస్క్‌టాప్ అంచులు నాలుగు వైపులా కోసుకుపోతున్నాయి. నలుపు బూడిద రంగులో ఉంది. కెమెరా మెల్లగా పక్కకు తిరిగే దృశ్యాల్లో బొమ్మ తడబడుతోంది.

మరొక జవాబు ఇచ్చినవారు:
మూడూ కేబుల్ వల్ల వచ్చినవి కావు, సెట్టింగులతో పోతాయి.

అంచులు కోసుకుపోవడం ‘ఓవర్‌స్కాన్’, అంటే ప్రొజెక్టర్ బొమ్మను కాస్త పెద్దది చేసి అంచులు వదిలేయడం. ప్రొజెక్టర్ మెనూలో దాన్ని సున్నా చేయండి, కంప్యూటర్‌లో 1920 × 1080 ఎంచుకోండి.

బూడిద నలుపుకు కారణం మాట పొంతన లేకపోవడం. వెలుగును 0 నుంచి 255 దాకా అంకెల్లో చెబుతారు. కంప్యూటర్ నలుపును 16 అని పంపుతోంది (‘లిమిటెడ్’), ప్రొజెక్టర్ 0 అయితేనే నలుపు అనుకుంటోంది (‘ఫుల్’). గ్రాఫిక్స్ సెట్టింగుల్లో ‘ఫుల్’ ఎంచుకుని, ప్రొజెక్టర్‌లోనూ అదే పెట్టండి. రెండుచోట్లా ఒకటే ఉండాలి. ఒకటి ఫుల్, ఇంకొకటి లిమిటెడ్ అయితే ఇటు బూడిదైనా వస్తుంది, అటు చీకటి దృశ్యాల్లో జుట్టు, నల్ల కోటు మడతలు కలిసిపోయి ముద్దగానైనా కనిపిస్తాయి.

తడబాటుకు మూలం వేగం. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, మీ తెర 60 సార్లు మారుతోంది. అందుకని ఒక ఫ్రేము మూడుసార్లు, తర్వాతిది రెండుసార్లు నిలుస్తుంది. ప్రొజెక్టర్ 24 హెర్ట్జ్ తీసుకుంటే, సినిమా చూసేటప్పుడు కంప్యూటర్‌ను అందులో పెట్టండి.

అడిగినవారు:
మూడూ సరిపోయాయండీ. ఒక్కోసారి మాత్రం కంప్యూటర్ 1024 × 768లో లేస్తోంది.

మొదటి జవాబు ఇచ్చినవారు:
ప్రొజెక్టర్ ఆఫ్‌లో ఉండగా కంప్యూటర్ వేసి ఉంటారు. ఎదుట ఏ తెర ఉందో దానికి తెలియక చిన్న కొలత ఎంచుకుంటుంది. ముందు ప్రొజెక్టర్ వేసి, తెర మీద వెలుగు పడ్డాక కంప్యూటర్ వేయండి.