బొమ్మ పెట్టే టూల్‌కు వివరణ ఎంత రాయాలి?

సీసపు_అక్షరం:
ఏఐ ఏజెంట్ స్క్రైబస్‌లో (అచ్చు పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో) పేజీలు కూర్చేందుకు మేము ఒక టూల్ తయారు చేస్తున్నాము. బొమ్మ ఫైలు పేరు, పేజీ సంఖ్య, ఎడమ నుంచి, పై నుంచి దూరాలు, వెడల్పు, ఎత్తు ఇస్తే అది ఫ్రేమ్ గీసి బొమ్మను అందులో పెడుతుంది. ఏజెంట్‌కు పేజీ కనబడదు కనుక ఈ టూల్ గురించి దానికి తెలిసేదల్లా మనం రాసిన వివరణే. నా సహచరుడు రెండు వాక్యాలు చాలంటున్నారు, నాకు రెండు పేజీలైనా కావాలనిపిస్తోంది. పోయిన వారం పరీక్షలో 60 మిల్లీమీటర్ల కాలమ్ కోసం ఏజెంట్ 60 అని ఇచ్చింది. స్క్రైబస్ స్క్రిప్టు కొలతలను ఆ డాక్యుమెంటులో అప్పటికి ఉన్న యూనిట్‌లోనే తీసుకుంటుంది, అది పాయింట్లలో (ఒక్కో పాయింటు అంగుళంలో 72వ వంతు) ఉండడంతో ఫొటో 21 మిల్లీమీటర్లకు కుదించుకుపోయి తపాలా బిళ్ళంత అయింది. టూల్ మాత్రం పని పూర్తయిందని జవాబిచ్చింది, ఏజెంట్ దాన్ని నమ్మి తరువాతి పేజీకి వెళ్ళిపోయింది.

కోడ్_కాపరి:
రెండు వాక్యాలే చాలు. ఆ అంశానికి ‘వెడల్పు’ అని కాక ‘వెడల్పు_మిమీ’ అని పేరు పెట్టి, పాయింట్లలోకి మార్చే పని టూల్ లోపలే చేయండి. మిగిలినది తప్పు జరిగినప్పుడు జవాబులో చెప్పండి: ‘ఫ్రేమ్ పేజీ అంచు దాటింది, పేజీ వెడల్పు 210 మిమీ’ అంటే ఏజెంట్ తనంతట తానే సరిదిద్దుకుంటుంది. వివరణ ప్రతిసారీ ఏజెంట్ చదవవలసిన పాఠంలో చేరుతుంది కాబట్టి అది పెరిగేకొద్దీ అసలు పనికి చోటు తగ్గుతుంది.

రెండు_కాలాలు:
పాయింట్లే ఉంచండి. అక్షరాల సైజు పాయింట్లలో, బొమ్మ మిల్లీమీటర్లలో అంటే గందరగోళమే.

పేజీమేకప్_94:
నేను 1994 నుంచి, అంటే పేజ్‌మేకర్ రోజుల నుంచి పేజీలు కూరుస్తున్నాను. యూనిట్ తప్పయితే ఎవరికైనా కనబడుతుంది. కనబడని తప్పు వేరే ఉంది. స్క్రైబస్‌లో స్కేలింగ్ గురించి ఏమీ చెప్పకపోతే బొమ్మ తన అసలు సైజులోనే కూర్చుంటుంది, అది ఫ్రేమ్ కంటే పెద్దదైతే దాని పై ఎడమ భాగం మాత్రమే కనిపిస్తుంది. ఫ్రేమ్‌కు సరిపెట్టమని చెప్పినా, నిష్పత్తి నిలిపే అమరిక ఆపి ఉంటే ముఖాలు సాగిపోతాయి. ఒక సన్మాన సంచికలో ‘ఎడమ నుంచి’ అంటూ ఆరు పేర్లు వేసి, ఫొటోలో అయిదుగురినే మిగిల్చిన పేజీని నా కళ్ళతో చూశాను. కుడి చివర నిలబడిన పెద్దమనిషి భుజం మాత్రమే మిగిలింది. దీన్ని ఏ ఎర్రర్ పట్టుకుంటుంది? ఎక్కడ కత్తిరించవచ్చో, ఎక్కడ కూడదో వివరణలో రాయవలసిందే.

కోడ్_కాపరి:
అది టూల్ వివరణ కాదు, మీ సంస్థ శైలీ నియమావళి. నేను మాట్లాడింది యూనిట్ గురించి.

రెండు_కాలాలు:
పాయింట్లు.

పేజీమేకప్_94:
మీరు యూనిట్ దగ్గరే ఆగిపోయారు. ఒకసారి 1200 పిక్సెళ్ళ ఫొటోను ఎనిమిది అంగుళాల వెడల్పుకు పెంచి ప్రెస్‌కు పంపాను. అంగుళానికి 150 పిక్సెళ్ళే దక్కాయి, అచ్చులో ముఖాలు మసకబారాయి, మళ్ళీ వేయించిన ఖర్చు నా జీతంలో కోసుకున్నారు. అంగుళానికి 300 ఉండాలన్న ఒక్క ముక్క ఎవరూ నాకు రాసి ఇవ్వలేదు.

కోడ్_కాపరి:
మీకు జరిగిన అన్యాయం బాధాకరమే, కాని అది నా మాటనే బలపరుస్తోంది. పిక్సెళ్ళను అంగుళాలతో భాగించడం టూల్‌కు క్షణంలో పని. 300 కంటే తగ్గితే బొమ్మను నిరాకరిస్తుంది, ఎవరూ చదవనక్కరలేదు, ఎవరూ గుర్తుపెట్టుకోనక్కరలేదు.

పేజీమేకప్_94:
‘ఎవరూ’ అన్నారే, ఆ మాట దగ్గరే నాకు కోపం వస్తోంది. పేజీ చూసే మనిషి ఇక ఉండడని మీరు ముందే అనుకున్నారు. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలకు రెండు పేజీల కాగితం ఎవరూ ఇవ్వలేదు, తప్పు చేసి తిట్లు తిని నేర్చుకున్నారు. ఇప్పుడు యంత్రం కోసం రాయబోతే అదీ ఎక్కువంటున్నారు. రేపు ఆరో మనిషి పేజీలో కనబడకపోతే ఫోన్ ఎవరికి వస్తుంది, టూల్‌కా, నాకా?

కోడ్_కాపరి:
మనిషి ఉండకూడదని నేను అనలేదు. మనిషి అలసిపోతాడు, నూరో పేజీలో చూపు జారుతుంది. అందుకే కొలవగలిగినదంతా టూల్‌కు అప్పగించమంటున్నాను.

సీసపు_అక్షరం:
ఇద్దరి మాటలూ విన్నాక వివరణ ఇలా మార్చాను: ‘కొలతలన్నీ మిల్లీమీటర్లలో, పేజీ పై ఎడమ మూల నుంచి ఇవ్వాలి. బొమ్మ నిష్పత్తి చెడకుండా ఫ్రేమ్‌లో పూర్తిగా ఇముడుతుంది. కత్తిరించాలంటే ఆ మాట విడిగా చెప్పాలి. ఫొటో కింద వ్యక్తుల పేర్లుంటే కత్తిరించకూడదు. జవాబులో అంగుళానికి ఎన్ని పిక్సెళ్ళు దక్కాయో, పేజీ నమూనా చిత్రంతో సహా వస్తుంది.’

కోడ్_కాపరి:
నాలుగో వాక్యం తప్ప అన్నీ ఒప్పుకుంటాను. ఫొటో కింద పేర్లున్నాయో లేదో టూల్‌కు ఎలా తెలుస్తుంది?

పేజీమేకప్_94:
టూల్‌కు తెలియదు. ఆ పేర్లను పేజీలో పెట్టే ఏజెంట్‌కు తెలుస్తుంది, అందుకే ఆ వాక్యం ఉండాలి. దాని కిందే, మనిషి చూసి సరేననే దాకా పీడీఎఫ్ తీయకూడదని కూడా రాయండి.